గాలిలో పిల్లిమొగ్గ

తిరునాళ్లలో తాడు లాగి వదిలితే సర్రున పైకి లేచే ప్లాస్టిక్ చక్రం గుర్తుందా? మన చిన్నప్పటి హెలికాప్టర్ అదే. ఇప్పటి పిల్లల చేతుల్లో ఉన్నది వేరు. రిమోటు పట్టుకుని రెండు బొటనవేళ్లతో రెండు పుల్లలు కదుపుతుంటే, ఎదురుగా గాలిలో అచ్చం హెలికాప్టర్ లాంటిదే ఆడుతుంటుంది. జానెడుండేవీ ఉన్నాయి, బారెడుండేవీ ఉన్నాయి. ఆడటమంటే అలా ఇలా కాదు. వీపు నేలకేసి, కాళ్లు ఆకాశానికేసి, తలకిందులుగా గాలిలో నిలబడుతుంది! మళ్లీ ఒక మొగ్గ వేసి, ఏమీ ఎరగనట్టు మామూలుగా అయిపోతుంది.

మనుషులెక్కే హెలికాప్టర్లకు కూడా ఈ విద్య లేదు. 1949లో అమెరికాలో సికోర్‌స్కీ ఎస్-52 అనే హెలికాప్టర్ గాలిలో నిలువుగా గుండ్రంగా ఒక చుట్టు చుట్టి ఔరా అనిపించింది. తర్వాత జర్మనీవారి బీఓ-105 లాంటివీ చుట్టాయి. అంతేగాని తలకిందులుగా ఒకే చోట నిలబడటం వాటి వల్ల కాదు. ఆ పని ఈ బుల్లి హెలికాప్టర్లకే చెల్లింది. ఇవి కూడా పుట్టగానే మొగ్గలు వేయలేదు లెండి. 1960ల చివర్లో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ ఏళ్ల తరబడి తంటాలు పడితేగాని రేడియో హెలికాప్టర్ సరిగా గాలిలో నిలబడలేదు. ఇప్పుడైతే అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్3ఎన్ పేరుతో వీటి విన్యాసాలకే ప్రత్యేకంగా పోటీలు పెడుతోంది.

'మగపిల్లల గోల మనకెందుకమ్మా' అంటారా? కొనిపెట్టమని పేచీ పెట్టేది మన పిల్లలే, డబ్బులు తీయాల్సింది మనమే, వేలు తెగితే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందీ మనమే. ఆ మాత్రం తెలుసుకోవాలి కదా! పైగా ఇది మనం నేర్చుకోకూడని విద్యేమీ కాదు. మా వదిన నేర్చుకుంది.

ఏది మొగ్గ వేస్తుంది?

ముందు కొనడం సంగతి. ఇక్కడే చాలామంది తల్లులు మోసపోతారు. దుకాణంలో అన్నీ హెలికాప్టర్లే. అట్టపెట్టె మీద బొమ్మలూ అన్నీ ఒకేలా ఉంటాయి.

ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలుండి, పైవి ఒకవైపు, కిందివి ఇంకోవైపు తిరిగేవి చిన్నపిల్లలవి. గదిలో బుద్ధిగా నిలబడతాయి. ఆరేళ్ల పిల్లాడైనా ఎగరేస్తాడు. మొగ్గ మాత్రం వేయవు. ఇంకోరకం ఉంది. ఒకే జత రెక్కలు, తోక చివర ఇంకో చిన్న రెక్క. చూడటానికి అసలు హెలికాప్టర్‌లాగే ఉంటుంది. కానీ రెక్కల వాలు మారదు. వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. ఇదీ మొగ్గ వేయదు.

మొగ్గ వేసేది మూడోరకం. 'కలెక్టివ్ పిచ్' అంటారు. పేరు చూసి కంగారు పడకండి. మీ నెత్తి మీద సీలింగ్ ఫ్యాను చూడండి. దాని రెక్కలు కాస్త ఏటవాలుగా ఉంటాయి కాబట్టే గాలి కిందికి వస్తుంది. ఫ్యాను అదే దిక్కున, అదే వేగంతో తిరుగుతుండగానే రెక్కల వాలు మాత్రం ఎదురు దిక్కుకి మార్చామనుకోండి. అప్పుడు గాలి మన మీదికి రాదు, పైకప్పుకి కొడుతుంది. ఈ హెలికాప్టర్లలో జరిగేది అదే! రెక్కలు నిమిషానికి రెండు మూడు వేలసార్లు ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటాయి. ఎడమచేతి పుల్ల పైకి తోస్తే వాలు ఒకవైపు, కిందికి లాగితే రెండోవైపు. అటూ ఇటూ పది, పన్నెండు డిగ్రీల దాకా మారుతుంది. అందువల్ల యంత్రం బోర్లా పడ్డా గాలిని నేలవైపే తోయగలదు, కింద పడకుండా నిలబడగలదు.

మీట నొక్కితే తనంతట తానే పల్టీ కొట్టే బొమ్మ డ్రోన్లు కూడా వస్తున్నాయి. సరదాకి బాగానే ఉంటాయిగాని ఆ గొప్ప డ్రోన్‌దే, మనది కాదు. డ్రోన్‌కి నాలుగు మోటార్లు, తనను తాను సరిచూసుకునే బుర్ర ఉంటాయి. వదిలేస్తే నిలబడుతుంది. పల్లెల్లో స్వయం సహాయక సంఘాల మహిళలు పొలాలకు మందు కొట్టే డ్రోన్లు నడపాలని 2023లో 'నమో డ్రోన్ దీదీ' పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. పదిహేను వేల సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ డ్రోన్ రిమోటు పట్టినవారికి హెలికాప్టర్ రిమోటు కొత్తేమీ కాదు. అవే రెండు పుల్లలు. కానీ హెలికాప్టర్ మాత్రం మొండి ఘటం. చేయి తీస్తే ఎటో ఒకవైపు జారిపోతుంది. ఎంతసేపు ఎగిరితే అంతసేపూ కనిపెట్టుకుని ఉండాల్సిందే.

'ముట్టుకోకు' అన్నందుకు...

మా వదినకు నలభై నాలుగేళ్లు. బ్యాంకులో పని చేస్తుంది. కొడుకు ఇంజనీరింగ్‌కి దూరపు ఊరు వెళ్తూ తన హెలికాప్టర్‌ను అటకెక్కించి, "అమ్మా, అన్నీ సర్దుకో, దాన్ని మాత్రం ముట్టుకోకు" అన్నాడట. ముట్టుకోకు అన్న మాట మనకి కొత్తా చెప్పండి? ఫ్యూజు ముట్టుకోకు, స్కూటరు ముట్టుకోకు, కంప్యూటరు ముట్టుకోకు. అవన్నీ ముట్టుకున్నాం, నేర్చుకున్నాం. వదిన కూడా "ముట్టుకోకూడదంటే మరి నేర్పు. వేసవి సెలవులకు వస్తావుగా" అందట.

వచ్చాడు. హెలికాప్టర్ కిందికి దించనేలేదు. రిమోటును కంప్యూటర్‌కి తగిలించి ముందు కూర్చోబెట్టాడు. దీన్ని సిమ్యులేటర్ అంటారు. తెర మీద హెలికాప్టర్, చేతిలో అసలు రిమోటు. వందసార్లు కూలినా ఒక మీట నొక్కితే మళ్లీ కొత్తది. నిజం హెలికాప్టర్ ఒక్కసారి కూలితే రెక్కలు, రెక్కల మధ్య ఇరుసు, నిలువు ఇరుసు, పళ్లచక్రం, తోక గొట్టం... ఏది పోతుందో ఎన్ని పోతాయో చెప్పలేం. కాబట్టి కొనాలనుకునేవారు ముందు సిమ్యులేటర్ కొనండి. మోజు తీరిపోతే అక్కడితో ఆగిపోవచ్చు, డబ్బు మిగులుతుంది. ఈ సలహాకి పిల్లలు మూతి ముడుస్తారు. ముడవనివ్వండి.

ఎక్కువమంది వాడే పద్ధతిలో ఎడమ పుల్ల పైకీ కిందికీ జరిపితే ఎత్తు మారుతుంది, పక్కలకు జరిపితే తోక తిరుగుతుంది. కుడి పుల్ల ఎటు జరిపితే హెలికాప్టర్ అటు ఒరుగుతుంది. రెండు చేతులు రెండు వేర్వేరు పనులు ఒకేసారి చేయాలి. రుబ్బురోలు దగ్గర కూర్చున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఒక చేయి పొత్రం తిప్పుతుంటే ఇంకో చేయి నలగకుండా పిండి తోస్తూ ఉంటుంది. మొదట్లో ఎవరికైనా వేలు మీద పొత్రం పడుతుంది, తర్వాత చేతులే చూసుకుంటాయి. ఇదీ అంతే.

తోక మనవైపు ఉన్నంతసేపు కుడి అంటే కుడే, ఎడమ అంటే ఎడమే. ముక్కు మనవైపు తిరిగిందో, అంతా తారుమారు. అద్దంలో చూస్తూ వెనక జడలో పిన్ను పెట్టుకోబోతే చేయి ఇంకోవైపు పోతుందే, అచ్చం అలాగే! మే నెల సగం ఈ ముక్కు దగ్గరే గడిచింది. తోక మనవైపు, పక్కకు, ముక్కు మనవైపు... ఏ వైపు తిరిగి ఉన్నా ఒకచోట నిలబెట్టగలగాలి. అది రానిదే మొగ్గ జోలికి పోకూడదని మేనల్లుడి ఆంక్ష. ఈ విషయంలో వాడితో నేనూ ఏకీభవిస్తాను. పల్టీ మధ్యలో హెలికాప్టర్ ఎన్ని వైపులు తిరగగలదో అన్ని వైపులూ తిరుగుతుంది. అప్పుడు ఆలోచించుకునే తీరిక ఉండదు.

కిందికి లాగు!

ఆ వేళ నేను వాళ్లింట్లోనే ఉన్నాను. భోజనాల బల్ల మీద కంప్యూటర్. వదిన మొదటిసారి తెర మీద పల్టీ కొట్టిస్తోంది. హెలికాప్టర్ బోర్లా తిరిగింది. అక్కడి నుంచి కిందికి జారడం మొదలెట్టింది.

"పడిపోతోందిరా!"

"పైకి తొయ్యకమ్మా! కిందికి లాగు, కిందికి!"

"పడిపోతుంటే ఇంకా కిందికి లాగడమేంట్రా, నీ మొహం!" అంటూనే పైకి తోసేసింది. ఢాం! తెర మీద ముక్కలు.

వదిన అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ అసలు కిటుకు అంతా అందులోనే ఉంది. మామూలుగా ఉన్నప్పుడు పుల్ల పైకి తోస్తే రెక్కలు గాలిని కిందికి తోస్తాయి, యంత్రం లేస్తుంది. బోర్లా ఉన్నప్పుడు అదే పుల్ల పైకి తోస్తే గాలి ఆకాశంవైపు పోతుంది, యంత్రం నేలలోకి దూసుకుపోతుంది. కాబట్టి బోర్లా ఉన్నప్పుడు కాపాడేది పుల్లను కిందికి లాగడమే. భయం వేసినప్పుడు వేలు దానంతటదే పైకి తోస్తుంది. ఆ వేలికి బుద్ధి చెప్పడానికే సిమ్యులేటర్ మీద అన్ని గంటలు.

అది చాలదన్నట్టు ఇంకో రెండు మెలికలు. హెలికాప్టర్ పక్కకు దొర్లి బోర్లా పడి, తోక ఇంకా మనవైపే ఉందనుకోండి. కుడి ఎడమలు ఒరగడం మామూలుగానే ఉంటుంది. ముందుకు వెనక్కు మాత్రం తిరగబడతాయి. ముందుకు తోస్తే వెనక్కి వస్తుంది. తోక కూడా వ్యతిరేకంగా తిరుగుతుంది. అదే ముందుకో వెనక్కో పల్టీ కొడితే, సగం పల్టీ అయ్యేసరికి ఇందాకటిదాకా మనకు తోక కనిపించిన చోట ముక్కు కనిపిస్తుంది! అందుకే వాడు మొదట పల్టీ వద్దన్నాడు. తలకిందులుగా ఒకచోట నిలబెట్టడం నేర్చుకోమన్నాడు. మధ్యలో చేయి తడబడితే అక్కడే కాసేపు నిలిపి ఊపిరి తీసుకోవచ్చునట. నాకు ఇది మంచి పద్ధతనిపించింది. అట్టు తిరగేయడం వచ్చినవాళ్లకి రెండోవైపు కాలడం కూడా తెలిసుండాలి కదా.

జూన్‌లో అసలు హెలికాప్టర్ దించారు. పల్టీలు కాదు, ఉత్తినే నిలబెట్టడం. మూడోవారం గాలి విసురుకి ఒరిగి తోక నేలకి కొట్టుకుంది. తోక గొట్టం వంగింది, రెక్కలు రెండూ పోయాయి. అన్నయ్య "ఇక చాలు" అన్నాడు. వదిన "నా జీతంలోంచి పెడుతున్నా. మీ సిగరెట్ల ఖర్చు ఎప్పుడైనా అడిగానా?" అంది. అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అయినా వదినకు లోలోపల గుబులే. నిలబెట్టడానికే ఇంత ఖర్చయితే పల్టీ కొట్టించి కూలిస్తే? కొడుకు హాస్టల్‌కి వెళ్లిపోయాడు. ఆర్నెల్లు సిమ్యులేటరే గతి. రాత్రి గిన్నెలు తోముకున్నాక అరగంట. సీరియల్ మానేసిందని అత్తగారు, అంటే మా అమ్మ, ఆశ్చర్యపోయింది.

సంక్రాంతికి కొడుకొచ్చాడు. ముందే ప్రిన్సిపాల్‌ని అడిగి పెట్టుకున్న కాలేజీ గ్రౌండులో, ఊళ్లో గాలిపటాలు లేవకముందే, ఉదయం ఆరున్నరకి. మంచు ఇంకా పూర్తిగా వీడలేదు. వెలుతురు వచ్చేదాకా ఆగారు.

పల్టీ ఎలా వేయిస్తారో చెబుతాను, జాగ్రత్తగా చదవండి. ముందు రిమోటు మీద ఒక స్విచ్ వేస్తారు. 'ఐడిల్ అప్' అంటారు. ఇది వేయకపోతే పుల్ల కిందికి లాగగానే మోటారు నెమ్మదిస్తుంది, బోర్లా ఉన్నప్పుడు రెక్కలు ఆగిపోతే ఇంక చెప్పేదేముంది! ఇది వేస్తే పుల్ల ఎక్కడున్నా మోటారు ఒకే వేగం. తర్వాత ఎత్తు. ఒక పొరపాటు చేసి దిద్దుకుని, రెండోది కూడా చేసి దిద్దుకునేంత ఎత్తు ఉండాలని ఈ ఆట ఆడేవాళ్లంటారు. నలభై యాభై అడుగులనుకోండి. కాస్త పైకి లేస్తుండగా ఎడమ పుల్లను మధ్యకి తెస్తారు, అంటే రెక్కల వాలు సున్నా. అదే క్షణంలో కుడి పుల్లను వెనక్కి లాగి పట్టుకుంటారు. హెలికాప్టర్ వెల్లకిలా తిరుగుతుంది. పూర్తిగా బోర్లా వచ్చేసరికి ఎడమ పుల్ల కిందికి. మళ్లీ నిటారుగా నిలబడేసరికి మధ్యకి. మామూలుగా అయ్యేసరికి పైకి. చదవడానికి ఇంత పట్టిందిగాని జరగడం ఒక్క రెప్పపాటు.

వదిన చీర కొంగు నడుముకి దోపి నిలబడింది. కొడుకు పక్కనే, చేయి రిమోటుకి దగ్గరగా. కొత్తరకం యంత్రాల్లో ఆపద వస్తే నొక్కే మీట ఒకటుంటుంది. నొక్కితే యంత్రం తనంతట తానే నిటారుగా అయిపోతుంది. వీళ్లది పాతది, ఆ సౌకర్యం లేదు.

"అమ్మా, భయమేస్తే?"

"కిందికి లాగుతా."

హెలికాప్టర్ లేచింది. వెనక్కి తిరిగింది. బోర్లా అయి ఒక్క క్షణం జారింది. నా గుండె ఆగినంత పనైంది. వదిన ఎడమ బొటనవేలు కిందికి కదలడం నేను చూశాను. జారడం ఆగింది. తిరిగింది, నిటారుగా నిలబడింది. ఎత్తు పది పన్నెండడుగులు తగ్గి ఉంటుంది, అంతే. "ఇంకోసారి" అన్నాడు వాడు. వదిన ఒప్పుకోలేదు. మెల్లగా దించి, మోటారు ఆపే స్విచ్ వేసి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు గడ్డిలో కూలబడింది. చేతులు రెండూ వణుకుతున్నాయి.

ఇది బొమ్మ కాదు

ఇంత సరదాగా చెప్పానని తేలిగ్గా తీసుకోకండి. వదిన దగ్గరున్నలాంటి మధ్యరకం యంత్రం బ్యాటరీతో కలిపి కిలోలోపే. కానీ రెక్కల కొస వేగం లెక్కవేస్తే గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పందొమ్మిదేళ్ల కుర్రాడు తన హెలికాప్టరే తగిలి ప్రాణం పోగొట్టుకున్నాడు. కొత్తవాడు కాదు, బాగా తెలిసినవాడే. అందుకని మేడ మీద, వీధిలో, జనం ఉన్నచోట ససేమిరా వద్దు. చూసేవాళ్లు ఎగరేసేవారి వెనకాల, దూరంగా ఉండాలి. చిన్నపిల్లలు 'చూస్తా చూస్తా' అంటూ ముందుకి పరిగెత్తుతారు. వాళ్లని పట్టుకోవడానికే ఒక మనిషి ఉండాలి. ఆ రోజు ఆ పని నాది.

రెక్కల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది బ్యాటరీ. లిథియం పాలిమర్ బ్యాటరీలు తేలికగా ఉండి బోలెడంత శక్తినిస్తాయి. కానీ దెబ్బ తగిలినా, ఎక్కువ ఛార్జి ఎక్కినా మంటలు లేస్తాయి. వాటికోసం చేసిన ఛార్జరే వాడాలి. ఛార్జి పెట్టి నిద్రపోవడం, బజారుకి వెళ్లడం కూడదు. వంటింట్లో గ్యాసు పక్కన, మంచం మీద, కర్టెన్ల దగ్గర అసలే వద్దు. వదిన పెరట్లో సిమెంటు గచ్చు మీద, పక్కన ఇసుక బకెట్ పెట్టుకుని, ఎదురుగా కూర్చుని చిక్కుళ్లు తుంచుకుంటుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మళ్లీ వాడొద్దు. పిల్లలు 'ఇంకొక్కసారి' అంటారు. వినకండి.

చట్టం సంగతి కూడా చూడాలి. 2021 డ్రోన్ నియమాల కిందికి రెక్కలు తిరిగే ఈ యంత్రాలూ వస్తాయి. 250 గ్రాముల లోపువి నానో, ఆపైన 2 కిలోల దాకా మైక్రో. ఈ రెండు రకాలను వ్యాపారానికి కాకుండా సరదాకి ఎగరేసేవారికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడంటే అక్కడ కుదరదు. ఊళ్లను ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుగా విడదీసి ప్రభుత్వం మ్యాపు పెట్టింది. ఆకుపచ్చలో కూడా 400 అడుగులు దాటకూడదు. విమానాశ్రయం, సైనిక స్థావరం దగ్గర్లో ఉండేవాళ్లు మ్యాపు చూడకుండా బయటికి తీయొద్దు. రిజిస్ట్రేషన్ వివరాలు కూడా ఎగరేయకముందే కనుక్కోండి.

ఇంట్లో ఆడపిల్ల అడిగితే ఏం చేస్తారు? తమ్ముడికి కొన్నది పాతబడ్డాక ఇస్తారా? 1999 కార్గిల్ యుద్ధ సమయంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ వాయుసేన చీతా హెలికాప్టర్లు నడిపారు. కాలేజీకి వెళ్లే అమ్మాయిలుంటే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందేమో అడగమనండి. అక్కడ విమాన నమూనాల తయారీ, ఎగరేయడం శిక్షణలో భాగమే. ఇంట్లో ఖర్చు పెట్టకముందు పిల్లకి ఆసక్తి ఎంతో తేలిపోతుంది.

వదిన ఇప్పుడు పక్కకు దొర్లే పల్టీ మీద పడింది. సిమ్యులేటర్ మీద కుడివైపు బాగానే వస్తోందట, ఎడమవైపే ఇంకా కుదరడం లేదట. మొన్న ఫోన్ చేస్తే, "తర్వాత మాట్లాడతానమ్మాయ్, బోర్లా ఉంది" అని పెట్టేసింది.